మధురపూడి నుంచి గన్నవరం దాకా

మా ఊరు మొగల్తూరు పక్కన. రాజమండ్రి వాళ్ళ మధురపూడి విమానాశ్రయం ఒక వైపు, విజయవాడ వాళ్ళ గన్నవరం విమానాశ్రయం ఇంకో వైపు. ఎక్కడ దిగినా ఇంటికి కారులో మూడు గంటలు. ఆ రెండింటి మధ్యా హైవే మీద ఇంకో మూడు గంటలు. ఈ లెక్క మా అన్నయ్యకి నాకన్నా బాగా తెలుసు.

నన్ను పెంచిన అక్క తెల్లవారుజామున పోయింది. సాయంత్రమే భూస్థాపన. మా చర్చి సంఘంలో శవపేటిక మూత వేసే ముందు తోబుట్టువులు ఆఖరిసారి ముఖం చూసుకుంటారు. ఆ చూపు కోసమే హైదరాబాదులో విమానం ఎక్కాను. మధురపూడిలో కుండపోత వాన. విమానం దిగలేక పైన చుట్లు కొట్టి కొట్టి, మమ్మల్ని తీసుకెళ్ళి గన్నవరంలో దించింది.

అన్నయ్య నాకోసం మధురపూడిలో కారు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఇక్కడి నుంచి టాక్సీలో నేరుగా ఇంటికొచ్చేస్తా అన్నయ్యా."

"ఏంటమ్మా ఆ మాట? ఇంత కష్టంలో ఆడపిల్లని ఒంటరిగా టాక్సీలో రమ్మంటామా? నలుగురూ ఏమనుకుంటారు? నేనొస్తున్నాను, అక్కడే కూర్చో."

"నువ్వు రావడానికి మూడు గంటలు, మళ్ళీ మనం వెళ్ళడానికి..."

"కదలకు." పెట్టేశాడు.

గోదావరి వాళ్ళు మర్యాదతో చంపేస్తారని ఊరికే అనలేదు. మళ్ళీ చేస్తే స్విచాఫ్. పొద్దుట్నుంచీ చుట్టాలందరికీ కబురు చెప్పి చెప్పి ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. గంటసేపు కుర్చీలో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాను. అప్పుడు బావగారు చేశారు.

"గోతిలో నీళ్ళూరుతున్నాయమ్మా. బకెట్లతో తోడుతున్నారు. చీకటి పడితే కష్టమంటున్నారు పాస్టరుగారు."

ఆయన వెనక పాట వినిపిస్తోంది. ఒకటి అయ్యీ అవకుండానే ఇంకోటి ఎత్తుకుంటున్నారు. నాకోసమే సాగదీస్తున్నారని అర్థమై ఏడుపు తన్నుకొచ్చింది. అన్నయ్య వచ్చి నన్ను వెతుక్కుంటాడని తెలుసు. తెలిసే టాక్సీ ఎక్కాను. భీమవరంలో రొయ్యల లారీల వెనక ఇరుక్కుపోయినప్పుడు అన్నయ్యని తిట్టని తిట్టు లేదు.

ఇంటి ముందు దిగేసరికి పాడేవాళ్ళ గొంతులు బొంగురుపోయాయి. మూత ఇంకా వెయ్యలేదు. అక్క ముఖం చూశాను. చల్లటి చెంప మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాను.

"మరి అన్నయ్య?" అన్నాను బావగారితో.

"ఎవరి ఫోన్లోంచో చేశాడమ్మా, గన్నవరం నుంచి. నువ్వు కనపడట్లేదని ఒకటే కంగారు. బయల్దేరావని చెప్పాను. 'చెల్లాయి చూస్తే చాలండి, నాకోసం ఆపొద్దండి' అన్నాడు."

పొద్దున అక్కకి స్నానం చేయించకముందే నాకు ఎదురు రావడానికి వెళ్ళిపోయినవాడు. తెల్లచీరలో అక్కని వాడు చూడనేలేదు.

"ఇంకొక్క పాట పాడండి" అని అందర్నీ బతిమాలాను. పాడారు. ఇంకోటన్నాను, అదీ పాడారు. వాన మళ్ళీ అందుకుంది. గోతి దగ్గర్నుంచి మనిషొచ్చి ఇక ఆగేది లేదన్నాడు. మూతకి మేకులు కొడుతుంటే వీధి మలుపు వైపే చూస్తూ నిలబడ్డాను.

అందరూ మట్టి వేసి వెళ్ళిపోతున్నప్పుడు కారొచ్చింది. అన్నయ్య చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది. పొద్దున రాజమండ్రిలో నాకోసం కట్టించింది, విప్పలేదు. వాడు కొత్త మట్టి వైపు కాసేపు చూసి, నా దగ్గరికొచ్చాడు.

"ఏమన్నా తిన్నావామ్మా?" అన్నాడు.