నూకరత్నం గేదె చెవిపోగు

రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుందనగా, ఎండాకాలం చివర, నన్ను అమలాపురం డివిజన్లో గోదారి గౌతమి పాయ ఒడ్డునున్న ఒక పశువైద్యశాలకి వేసేరు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అంటే ఊళ్లో పశువుల డాక్టరు. నదికి అవతల యానాం. జనం కూరలకీ పెళ్లిళ్లకీ వంతెన దాటి వెళ్లొస్తూనే ఉంటారు, అది వేరే ప్రభుత్వమన్న ధ్యాసే ఉండదు. కాగితం మీద మాత్రం అవతలంతా పుదుచ్చేరి. మనిషి దాటితే ప్రయాణం, గేదె దాటితే అంతర్రాష్ట్ర రవాణా.

మామూలు రోజుల్లో మేమూ చూసీ చూడనట్టే ఊరుకునేవాళ్లం. ఆ ఏడాది వరద తీసేక పశువులకి గాలికుంటు జబ్బు తగిలింది. వంతెన దగ్గర చెక్‌పోస్టు పెట్టేరు. పశువు ఇటు రావాలంటే అక్కడి డాక్టరు ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి, ఇక్కడి డాక్టరు అభ్యంతరం లేదని రాయాలి, అన్నిటికంటే ముందు దాని చెవికి పోగుండాలి. పోగంటే నంబరున్న పసుపు ప్లాస్టిక్ బిళ్ల. ఆ నంబరు కంప్యూటర్లో కొడితే ఏ టీకా ఎప్పుడు వేసేమో వస్తుంది. పోగు లేకపోతే వేసిన టీకా కూడా వెయ్యనట్టే. మళ్లీ వేసి నెల్రోజులు ఆగాలి.

సరిగ్గా అప్పుడు నూకరత్నం వచ్చింది. ఏటి మధ్య లంకలో ఉంటుంది. ఉన్నది ఒక్క గేదె, దాని పేరు గౌరి. ఆరిళ్లకి వాడిక పాలు పోస్తుంది, ఆ పాల మీదే ఇల్లు నడుస్తుంది. వరద పెరగకముందే గేదెని యానాం పక్కన మెరకలో ఉన్న చెల్లెలింటికి తోలుకెళ్లింది. ఇప్పుడది నిండు సూడి, ఇంకో ఇరవై రోజుల్లో ఈనుతుంది.

"అక్కడ ఈనిందంటే మా చెల్లి చేతికి మరిగిపోద్దండి. గౌరి ఒక చెయ్యి మరిగితే ఇంకో చేతికి చేపదండి," అంది. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. అలాంటి మొండి గేదెల్ని నేనూ చూసేను. కొత్త చెయ్యి తగిలితే చుక్క వదలవు. ఇప్పటికే వాడికిళ్లలో రెండు ప్యాకెట్టు పాలకి తిరిగేయట.

పోగు నంబరు చెప్పమన్నాను. "తీసేసి దాచేనండి," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం డివిజనంతా ఎరిగిందే. "చెవికుండాల్సింది పెట్టెలో దాచుకోడానికి అదేమన్నా కాసులపేరా? నిన్ను తియ్యమన్నదెవరు?" అని పదిమంది రైతుల ముందు అరిచేను. ఆమె ఒక్కసారి నా మొహంలోకి చూసి, "తప్పేనండి," అంది. కాంపౌండరు సత్తిరాజు ఎందుకో నేలచూపులు చూసేడు. కొత్త పోగు, కొత్త టీకా, నెల్రోజులు అని చెప్పి పంపించేసేను. "ఆయ్," అని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా మూడుసార్లు వచ్చింది. ఒక సాయంత్రం నేను స్కూటరు మీద వస్తుంటే రేవులో నిలబడి "గౌరీ! ఓ గౌరీ!" అని అవతలికి కేకలేస్తోంది. అక్కడ గోదారి ఎంత వెడల్పో ఆమెకి తెలీదా? నా మనసు అదోలా అయిపోయింది. బండాపి, "నీ దగ్గర ఏ కాగితముంటే అది పట్టుకురా అమ్మా, చూద్దాం," అన్నాను.

మర్నాడు పొద్దున్నే దారం చుట్టిన ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో రెండు ముక్కలైన పోగు, నాలుగు మడతలు పెట్టిన ఓపీ చీటీ. "కుడిచెవి పుండు, పురుగు పట్టింది. పోగు కత్తిరించి తీయడమైనది." కింద సంతకం నాదే. చేరిన రెండో వారం తేదీ.

అంతా జ్ఞాపకం వచ్చింది. ఆ వేళ గేదె తల పట్టుకున్నది సత్తిరాజే. పుండు మానేక కొత్తది వేస్తాను, అంతదాకా పారెయ్యకుండా దాచమన్నది కూడా నేనే. పద్ధతి ప్రకారం ఆ పూటే రెండో చెవికి కొత్త పోగు వేసి, కంప్యూటర్లో పాత నంబరుకి ముడిపెట్టాలి. అలా చేస్తే పాత టీకాలన్నీ కొత్త నంబరు కింద వస్తాయి. నేను వెయ్యలేదు, ముడిపెట్టలేదు, శుభ్రంగా మర్చిపోయేను.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అంతమందిలో మీరే తీసేరని ఎలాగంటానండి? గేదెకి పుండు మానింది కదండి," అంది.

సిగ్గుతో చచ్చిపోయేను.

డివిజన్లో నా పైఅధికారి అసిస్టెంట్ డైరెక్టరు. ఆయనకి ఫోన్ చేస్తే, పోగు ఊడి ఎక్కడో పడిపోయిందని రాసెయ్యండి, ఏ గొడవా ఉండదు అన్నారు. గొడవ లేనిది నాకు. పడిపోయిందని రాస్తే అది ఏ గేదో రుజువుండదు, పాత టీకా చెల్లదు, నూకరత్నం మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఉన్నదున్నట్టు రాసేను. పోగు తీసింది నేను, కొత్తది వెయ్యకపోవడం నా పొరపాటు. పోగు ముక్కలు, చీటీ, మా రిజిస్టరు పేజీ నకలు జతచేసేను. రెండో రోజుకి, కొత్త నంబరుని పాతదానికి ముడిపెట్టుకోడానికి అనుమతి వచ్చింది. సత్తిరాజు కొత్త పోగు పట్టుకుని యానాం వెళ్లేడు. అక్కడి డాక్టరుగారు మంచాయన, పోగు దగ్గరుండి వేయించి, ఆరోగ్య ధ్రువపత్రం చేతికిచ్చేరు.

గౌరిని ఎక్కించిన వ్యాను వంతెన దిగేసరికి నేనూ చెక్‌పోస్టు దగ్గరున్నాను. నూకరత్నం గొంతు వినగానే లోపల్నించి గౌరి ఒక్క అరుపు అరిచింది. ఆరో రోజున సొంత పాకలో పెయ్యదూడని ఈనింది.

నాకు మెమో వచ్చింది. సర్వీసు మొత్తంలో అదొక్కటే. సంజాయిషీ ఒక్క వాక్యంలో రాసేను. ఇంకో సంజాయిషీ బాకీ ఉండిపోయింది. నూకరత్నం జున్నుపాలు పట్టుకొచ్చిన రోజున హాల్లో నిండా రైతులున్నారు. "ఆ వేళ ఈవిణ్ణి మీ ముందే తిట్టేను. పోగు తీసింది ఈవిడ కాదు, నేను," అని చెప్పేను. "ఊరుకోండి బాబూ," అని ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు మాత్రం ఆ రోజు తలెత్తి చూసేడు.

మిగిలిన సర్వీసులో పోగు తీసిన పశువుని కొత్తది వెయ్యకుండా ఆవరణ దాటనివ్వలేదు. రైతుని కాగితమేదని అడిగే ముందు నా రిజిస్టరు తెరిచి చూసుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ రెండు పనులూ చివరి రెండేళ్లలో నేర్చుకున్నాను.