హారతిని చదివిన మిషను

బ్రాడ్‌బ్యాండు కొత్తగా వచ్చిన రోజుల్లో, మా కర్నూలు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఒక అసిస్టెంటు ఉండేవాడు. ఇంటర్నెట్టుకు వైరెందుకు, లైటు వెలుతురులోనే పంపొచ్చని ఆయన పట్టు. ఒక కంప్యూటరు బల్బును మిణుకుమనిపిస్తే, ఆ వెలుతురును రెండోది చదివే మిషనొకటి చేసి పెట్టుకున్నాడు. బల్బుకూ కంప్యూటరుకూ మధ్య ఎవరు నిలబడినా, "రవ్వంత జరగండప్పా, అక్షరాలు పోతాండాయి" అనేవాడు. "వైరుండగా ఈ తిప్పలెందుకయ్యా?" అని అక్కడే లెక్చరరుగా ఉన్న నేను రోజూ వాదించేదాన్ని.

ఆ మిషను ఉన్న గదిని స్టోరు రూము చేస్తానన్నాడు ప్రిన్సిపాలు. మిషను పనిచేస్తే మాత్రం వదిలేస్తానన్నాడు. చూపించే రోజు, కొత్త మిషను కదా అని మా క్లర్కు దాని ముందు కర్పూర హారతి తిప్పాడు. అప్పుడే ఒక కంప్యూటరు నుంచి కాలేజీ పేరు పంపితే, రెండోదానిలో పిచ్చి గీతలు పడ్డాయి. అందరూ నవ్వారు.

మా అసిస్టెంటు మాత్రం గంతేశాడు. "చూడండి సార్, హారతిని గూడా చదివింది!"

ప్రిన్సిపాలు గది తాళం ఇమ్మని చెయ్యి చాపాడు. నాకు ఒళ్ళు మండింది. "మంట ఊగుతాంటే అదేం చదువుతాది సార్? కర్పూరం ఆర్పి చూడండి" అన్నాను.

ఆర్పారు. కాలేజీ పేరు అక్షరం అక్షరంగా వచ్చింది.

ప్రిన్సిపాలు వంగి చదివాడు. "మన గేటు బోర్డు మీది స్పెల్లింగు కంటే ఇదే నయమప్పా, గది నీదే" అన్నాడు.

ఆ మాట మా అసిస్టెంటు విన్నట్టే లేదు. అప్పటికే రెండో కంప్యూటరు మీద నా పేరు వస్తోంది.