మా పిల్ల మెడ

నా గొంతు సంగతి ముందే చెప్పాలి. చంద్రపూర్ దగ్గరి బొగ్గుగని క్యాంటీన్‌లో నేను "చాయ్!" అని ఒక్క కేక వేస్తే, డంపర్ల మోత దాటి అవతలి షెడ్డులోవాళ్ళు కూడా లేచి వస్తారు. అలాంటి గొంతున్నదాన్ని, కూతురు ఫుట్‌బాల్ ఆడుతుంటే నోరు మూసుకుని నిలబడమంటే కుదిరే పనేనా?

మా అమ్మాయికి పదమూడేళ్ళు. మైదానం మధ్యలో ఆడుతుంది. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకు అందించడం దాని పని. మా ఊరి చిన్న అకాడమీలో బాగా ఆడే పిల్లలను నాగ్‌పూర్‌లోని పెద్ద అకాడమీవాళ్ళు వచ్చి ఏరుకుని పోతారు. హాస్టల్, చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. మా పిల్లకు ఆ హాస్టల్ తప్ప వేరే ధ్యాస లేదు. నిద్రలో కూడా తంతుంది. తన్నులు తినేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

మా ఊరి ఎండ సంగతి తెలిసిందేగా, వేసవిలో ప్రాక్టీసంతా తెల్లవారుజామునే. తల్లిదండ్రులం సున్నపుగీత బయట వరసగా నిలబడతాం. మిగతావాళ్ళంతా మరాఠీ, హిందీ వాళ్ళు. ఇక్కడ మన తెలుగు ఎవడికి అర్థమవుతుందిలే అని నేను రెచ్చిపోయేదాన్ని. "ఎడమకియ్యే మొద్దూ! నీ ఎనకాల ఆ లంబూ పిల్ల వస్తంది సూడు! దానికెందుకిస్తవే, అది నిద్ర మొకంది!" మా పిల్ల ఓసారి నా వైపు చూసి, నేను చెప్పిన చోటికే బంతి ఇచ్చేది. గోల్ పడితే సగం నేనే కొట్టినట్టు పక్కవాళ్ళ మొహాలు చూసేదాన్ని.

ఇంతలో కొత్త కోచ్ వచ్చాడు. "ఈ అగరబత్తి కాళ్ళోడు ఏం నేర్పుతడు, గాలొస్తె పడిపోతడు" అని గట్టిగానే అన్నాను. ప్రాక్టీసు కాగానే అతను నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"అక్కా, మాది తెలంగాణ బార్డర్ కాడి లక్కడ్‌కోట్. ఇంట్ల తెలుగే మాట్లాడ్తం."

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అతను మాత్రం నవ్వాడు.

"నా కాళ్ళ సంగతి ఇడ్శిపెట్టుండ్రి. మీ బిడ్డ సంగతి చెప్త. బాల్ రాకముందే చుట్టూ సూడాలె. ఎవరేడున్నరు, జాగ ఏడ ఖాళీగున్నది, అన్నీ. కాళ్ళకాడికి వచ్చినంక సూస్తే ఏం ఫాయిదా? నాగ్‌పూరోళ్ళు ముందుగాల సూసేదే మెడ. మీ పిల్ల మెడ మంచిగనే తిరుగుతది. గని మీ దిక్కే తిరుగుతది. గిట్లయితే దాన్ని తీస్కోరు అక్కా, గంతే."

ఇంటికొచ్చి అతని ఏడు తరాలనూ తిట్టి, ఇక నోరు మూసుకోవాలని నిశ్చయించుకున్నాను.

మూసుకున్నా లాభం లేకపోయింది. పిల్ల నా మొహం చదవడం మొదలుపెట్టింది. నేను కనుబొమ్మ ఎగరేస్తే కుడికి, మూతి తిప్పితే ఎడమకు. "అక్కా, మీ మొకం గూడ మాట్లాడ్తంది" అన్నాడు కోచ్. నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటే నా చీర కొంగు కనిపెట్టింది.

ఇలా కాదని ఇంట్లో శిక్షణ పెట్టాను. మైదానంలో కోచ్ పిల్లల వెనక నిలబడి ఎర్ర బనీనో పచ్చ బనీనో ఎత్తి పడతాడు. బంతి కాలికి తగిలేలోపు వాళ్ళు వెనక్కి చూసి రంగు చెప్పాలి. మా ఇంట్లో మా ఆయన బంతి విసిరేవాడు, నేను పిల్ల వెనక గరిటో చీపురో అప్పడాల కర్రో ఎత్తేదాన్ని. కొన్నాళ్ళకు కళ్ళు మూసి తెరిచేలోగా "చీపురు!" అనేసేది. నేను గర్వంగా వెళ్ళి కోచ్‌కి చెబితే అతను నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంట్ల గూడ మిమ్మల్నే సూసుడు నేర్పిన్రా అక్కా!"

ఆ సాయంత్రం పిల్లే వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. "అమ్మా, నువ్వు లేకుంటె భయమైతది. నువ్వుంటె గ్రౌండ్ కనబడ్తలేదు. నువ్వు రాకమ్మా" అని ఏడ్చింది. చెంప మీద కొట్టినట్టయింది నాకు. సరేనన్నాను. అప్పటినుంచి వాళ్ళ నాన్నే తీసుకెళ్ళేవాడు. నేను పొద్దున్నే క్యాంటీన్‌కి పోయి, పోహా తినడానికి వచ్చినవాళ్ళ మీద అరిచేదాన్ని. పాపం, వాళ్ళేం చేశారు!

నాగ్‌పూర్‌వాళ్ళు వచ్చిన రోజు వెళ్ళకూడదనే అనుకున్నాను. వెళ్ళాను. మైదానం బయట గోడకు వీపు ఆనించి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. లోపలినుంచి విజిల్, కేకలు. వాటి మధ్య మరాఠీలో "ఇకడే దే!" అని బంతి ఇటివ్వమనే ఒక గొంతు. డంపర్ల మోతలో కూడా వినబడే గొంతు. అది మా పిల్లదేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆగలేకపోయాను. గేటు దాటి, జనాన్ని తోసుకుంటూ సరిగ్గా గీత దగ్గరికి పోయి నిలబడ్డాను. పెదాలు బిగబట్టి మొహాన్ని బండరాయి చేసుకున్నాను.

బంతి దాని వైపు వస్తోంది. మెడ తిరిగింది. కుడికి, ఎడమకు, మళ్ళీ నేనున్న వైపుకు. దాని చూపు నా మొహం మీదుగా, జెండా కర్ర మీదుగా పోయినట్టు పోయింది. బంతి అందుకుని గిర్రున తిరిగి, దూరంగా అవతలి మూలకు కొట్టింది. అక్కడ ఓ పొట్టి పిల్ల ఒంటరిగా ఉంది. ఆ పిల్ల ఉందని నేనే చూడలేదు. ఎంత సంతోషమైందో అంత ఒళ్ళు మండింది. నా కడుపున పుట్టి నన్నే చూడదా ఇది?

ఎంపికైనవాళ్ళ పేర్లు పిలిచారు. దాని పేరు కూడా పిలిచారు. చెమటతో తడిసిపోయి పరిగెత్తుకొచ్చి నన్ను చుట్టేసింది.

"అమ్మా! నువ్వెప్పుడొచ్చినవ్?"

సగం ఆట దాని కళ్ళెదుటే నిలబడ్డాను.

"ఇప్పుడే వచ్చిన బిడ్డా" అన్నాను.