బలరామ్ మానేసిన పిలుపు

అసిరయ్యది ఉత్తరాదిలో ఓ ఉక్కు కర్మాగారాల ఊళ్లోని బర్మామైన్స్ బస్తీ. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తను పుట్టిందీ, పెళ్లాడిందీ, మోకాళ్లు అరగదీసుకున్నదీ ఇక్కడే. ఓ కాంట్రాక్టరు దగ్గర క్రేను కొక్కేనికి బరువులు కట్టే పని. అక్కడ అతణ్ణి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. తోటివాడు బలరామ్ పనిలో చేరిన రోజే "ఏ మద్రాసీ!" అన్నాడు. "ఏటిరా బిహారీ" అని ఇతనూ అన్నాడు. అలా అనుకుంటూనే ఇద్దరికీ తలలు నెరిశాయి. భార్య పోయినప్పుడు నది ఒడ్డున కూలబడిపోయిన అసిరయ్య భుజం పట్టుకుని బలరామ్ అన్నది కూడా, "లే మద్రాసీ, ఇంటికి పోదాం" అనే.

కిందటి ఎండాకాలం జయప్రకాష్ అనే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. ఒక మధ్యాహ్నం అసిరయ్య కళ్లు తిరిగి నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుండిపోయాడు.

"లే మద్రాసీ! మీ వాళ్లంతా ఇంతే. అన్నం కుక్కుకోవడం, నిద్రపోవడం," అని అరిచాడు జయప్రకాష్.

అసిరయ్య డ్రమ్ము పట్టుకుని లేచాడు. బలరామ్ ఊరుకోలేకపోయాడు.

"అతనికి పేరుంది సార్. అసిరయ్య."

"మరి పొద్దస్తమానం నువ్వు పిలిచేదేమిటి?" అన్నాడు జయప్రకాష్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బలరామ్ తల దించుకుని క్రేను వైపు వెళ్లిపోయాడు.

అసిరయ్య కూతురు శ్వేత అదే ఊళ్లో, బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగి. సాయంత్రం తండ్రి ముఖం చూసి గుచ్చి గుచ్చి అడిగి, జరిగింది రాబట్టింది. కంప్లైంట్ చేద్దామంది హిందీలో.

"ఏటని సెప్పమంతావు? బలరామ్ అన్న మాటే గదా ఈడూ అన్నాడు."

"బలరామ్ చాచా మిమ్మల్ని పిలుస్తాడు. ఇతను మిమ్మల్ని తిట్టాడు నాన్నా," అంది శ్వేత. ఈసారి తెలుగులో.

మర్నాడు అసిరయ్య అడక్కుండానే బలరామ్ నలుగురిని వెంటబెట్టుకుని కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. వారం తిరక్కుండా జయప్రకాష్‌ను వేరే సైటుకు పంపేశారు. ఇకమీదట ఎవరూ ఎవర్నీ ప్రాంతం పేరుతో పిలవకూడదని హెచ్చరించారు కూడా.

ఆ తర్వాత బలరామ్, "అసిరయ్యా జీ, కాస్త ఇటు పట్టండి" అనడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లు చూసి, టీ కొట్టు దగ్గర అసిరయ్య అడిగేశాడు. "ఏటిరా ఈ జీలూ గీలూ? నన్ను పరాయోణ్ణి సేసేత్తన్నావేటి?" ఆ మాత్రం తెలుగు బలరామ్‌కు ఏనాడో వచ్చేసింది.

"పాత పేరు నోటిదాకా వస్తుంది భాయ్," అన్నాడు అతను హిందీలో. "అనబోతే ఆ జయప్రకాష్ గొంతు వినిపిస్తుంది. ఇన్నాళ్లూ నీకు ఎలా వినిపించిందో అని భయం."

"నాకు నీ గొంతే ఇనిపించింది. ఆడి మాటకే వొళ్లు మండింది."

బలరామ్ తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియలేదు. అసిరయ్య మరి అడగలేదు. బతిమాలి పిలిపించుకునే పిలుపు కాదది.

ఇంటికొచ్చాక, ఇప్పుడంతా బాగుందా అని అడిగింది శ్వేత.

"బాగానే ఉంది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు అసిరయ్య.