మావయ్య సర్దిన పాటలు

మా మావయ్య పొద్దున లేవగానే, పళ్లు తోముకోవడానికి ముందే, జేబులో పట్టే తన పాటల ప్లేయర్‌ని వైరుతో కంప్యూటర్‌కి తగిలిస్తాడు. తెర మీద ఒక పచ్చగీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. అది అంచుకు చేరేదాకా ఆయన కుర్చీలోంచి కదలడు. రాత్రికి రాత్రి కొత్త పాటలేవీ పుట్టి ఉండవు, ఉన్నవి పారిపోయీ ఉండవు. అయినా కంప్యూటర్‌లో ఉన్నవీ ప్లేయర్‌లో ఉన్నవీ ఒకటేనని సాఫ్ట్‌వేర్ తేల్చి చెబితే గానీ మనసు కుదుటపడదు. ఆ మాట చెప్పించుకున్నాక ప్లేయర్‌ని జేబులో వేసుకుని ఉద్యోగానికి వెళ్తాడు. పాటలు మాత్రం వినడు. అంత తీరిక లేదు.

బస్సుల డిపోలో విడిభాగాల స్టోరుకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయనే కీపరు. బోల్టు నుంచి బ్రేకు డ్రమ్ము దాకా ప్రతిదానికీ ఒక అర, అరకో నంబరు, నంబరు పక్కన ఒక అట్టముక్క. అట్టముక్క లేని వస్తువు ఎదురుగా కనబడుతున్నా ఇవ్వడు. స్టాకులో లేదంటాడు. మెకానిక్కులు ఆయనకు లేబుల్ గారని పేరు పెట్టారు. ఒకసారి హెడ్ మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడి, "లేబుల్ గారూ, నన్ను ఏ అరలో పెట్టాలో మా ఇంటావిడకి తెలియడం లేదు, కాస్త నంబరు వేసి పంపండి" అన్నాడట. మావయ్య నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "వాడేసిన సరుక్కి నంబర్లివ్వం" అన్నాడట.

ఇలాంటి మనిషి చేతికి పద్నాలుగు వేల పాటలు చిక్కాయి. వాటిని అదుపులో పెట్టడానికి పన్నెండేళ్లలో ఏడు సాఫ్ట్‌వేర్లు మార్చాడు. ప్రతిదాని మీదా ఆయనకో అభిప్రాయం ఉంది. దాన్ని భోజనాల దగ్గరే చెబుతాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. మొదటిది ప్లేయర్‌ని ఒక్క కంప్యూటర్‌కే కట్టేస్తుంది. వేరేదానికి తగిలిస్తే, ఉన్నవన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టనా అని అడుగుతుంది. అడగడం మాత్రం ఎంతో మర్యాదగా. రెండోదానికి అందం ఎక్కువ, ఓపిక తక్కువ. పాట నడుస్తున్నంతసేపూ తెర మీద రంగులు చిందులేస్తాయి, ఐదువేల పాటలు దాటగానే సొమ్మసిల్లుతుంది. మూడోది ఉచితం. అది దాన్ని తయారు చేసినవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, అతనూ వాడటం మానేశాడు. మిగతా మూడింటి గురించి చెప్పేటప్పటికి మజ్జిగ అయిపోతుంది. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మావయ్య గొంతు మెత్తబడుతుంది. ఒకే పాట రెండుసార్లుంటే పట్టుకుంటుంది, పాడినవాళ్ల పేర్లు దిద్దుతుంది, అన్నిటినీ అక్షరక్రమంలో నిలబెడుతుంది. ఇన్నాళ్లకు తనలాంటిది ఒకటి దొరికిందని ఆయన సంతోషం.

ఆయనలాంటి మనుషులు కూడా ఉన్నారు, ఇంటర్నెట్‌లో, మూడు వందల మంది ఒక గుంపుగా. పాడినవాళ్లెవరో తెలియకపోతే వాళ్ల పేరు రాసే గడిని ఖాళీగా వదలాలా, 'తెలియదు' అని రాయాలా అన్న విషయం మీద వాళ్లు పదకొండు నెలలు వాదించుకున్నారు. అందులో ఇద్దరికి ఇప్పటికీ మాటల్లేవు. ఆ గుంపులోనే ఒక ఫోల్డర్ల వర్గం ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఎందుకు, పాటల్ని ఒక ఫోల్డర్‌లో వేసి ప్లేయర్‌లోకి లాగేస్తే చాలదా అంటారు వాళ్లు. మావయ్య దృష్టిలో వాళ్లు ఇంకా నిప్పు రాజేయడం నేర్చుకోని మనుషులు.

ఒకరోజు అత్తయ్య బల్ల తుడుస్తూ తెర వైపు చూసింది. ఏ పాట ఎన్నిసార్లు విన్నదీ చెప్పే గడిలో పైనుంచి కిందిదాకా సున్నాలే. "ఇన్ని సున్నాలేంటండీ?" అని అడిగింది. ఒకదానికి మాత్రం తొమ్మిది ఉంది. అది శబ్దం సరిచూడటానికి పెట్టుకున్న పాట. దాన్నీ ఏనాడూ మొదటి చరణం దాకా విననేలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

మావయ్యకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. చూపు పోయి ఆరేళ్లయింది. అప్పట్లో తోటి ఆపరేటరు ఒకావిడ తన పాత క్యాసెట్లలోంచి నూట పద్దెనిమిది పాటలు ఎక్కించి, పెన్సిల్ సెల్లుతో నడిచే, స్పీకరున్న చిన్న ప్లేయర్ ఒకటి ఇచ్చింది. పాటలకు ఒక వరసంటూ లేదు. చేతికి ఏ క్యాసెట్ వస్తే అది. పెద్దమ్మ ఆ గందరగోళాన్నే వేళ్లతో బట్టీ పట్టింది. ఆన్ చేస్తే ఒకటో పాట. స్నానమయ్యాక వినేది పద్నాలుగు నొక్కులు ముందుకి. వాన పడుతుంటే మూడు నొక్కులు వెనక్కి. కట్టుకున్న చీర ఏ రంగో, వాకిట్లో చెప్పులు ఎటున్నాయో ఆమె ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ప్లేయర్ దగ్గర మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

మొన్నామధ్య అత్తయ్య ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు మావయ్యకు సెలవు. మంచం మీద ఆ ప్లేయర్ కనబడింది. కుతూహలం కొద్దీ కంప్యూటర్‌కి తగిలించాడు. ఒక పాట పేరు 'ట్రాక్ మూడు'. ఇంకోదాని పేరు 'ట్రాక్ మూడు కొత్తది'. అక్క మీద ఆయనకు జాలి ముంచుకొచ్చింది. పాటలన్నీ తన కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాడు. తొంభై ఒకటి తన దగ్గర మంచి కాపీలున్నవే. ఆమె పాత కాపీలు పక్కకు తీసేశాడు. మిగతావాటికి పేర్లు దిద్దాడు. ఉన్నవన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టనా అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది. ఈ విషయంలో ఏడోది కూడా మొదటిదాని చెల్లెలే. ఆయన సరేనన్నాడు. పచ్చగీత పాకింది. ఆ సాయంత్రం 'చూపులేని మా అక్కకు చిన్న సాయం' అని గుంపులో రాస్తే అరవై మంది మెచ్చుకున్నారు. పెద్దమ్మతో మాత్రం చెప్పలేదు. తనంతట తనే తేడా కనిపెట్టి మురిసిపోతుందని కాచుక్కూర్చున్నాడు.

తేడా కనిపెట్టింది. స్నానమయ్యాక పద్నాలుగు నొక్కులు నొక్కితే ఇంకేదో పాట వచ్చింది. ఎంచడంలో తప్పాననుకుని మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ అదే. నాలుగు రోజులు ఎవరితోనూ అనలేదు. పొద్దున్నే ఆమె గదిలోంచి ఒక్కో పాట రెండేసి క్షణాలు వినబడి ఆగిపోతుంటే, అక్క కొత్త ఏర్పాటు చూసి ఆనందిస్తోందని మావయ్య అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున ఆమె ప్లేయర్ తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది. "ఇది బీరువాలో పడెయ్యవే అమ్మాయ్" అంది.

"ఏం వదినా, సెల్లు అయిపోయిందా?"

"నాకే అయిపోయింది. కళ్లు పోయినా లెక్క పోలేదనుకున్నాను. ఇరవై ఆరేళ్లు ఊరందరి నంబర్లూ నోటికి చెప్పినదాన్ని, పద్నాలుగు దాకా ఎంచలేకపోతున్నాను. ఇంకేం మర్చిపోతానో ఏమో, నన్ను ఒక్కదాన్ని ఇంట్లో వదిలి వెళ్లకండి."

మావయ్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక కాలికి వేసుకున్నాడు, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ ఒంటి చెప్పుతోనే లోపలికొచ్చాడు.

"నీ లెక్క తప్పలేదక్కా. పాటలు నేను సర్దాను."

"ఏం సర్దావు?"

"అక్షరక్రమంలో పెట్టాను. ఏ పాట కావాలన్నా ఇప్పుడు చూడగానే..." అని ఆగిపోయాడు.

పెద్దమ్మ కుర్చీ తడుముకుని కూర్చుంది. "నాలుగు రోజులు నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను కదరా" అంది. ఆ వెంటనే, "ఎక్కడివక్కడ పెట్టు" అంది.

ఎక్కడివక్కడ అంటే ఎక్కడో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అందులో అన్నీ సర్దే బటనుంది గానీ, సర్దినదాన్ని చెదరగొట్టే బటను లేదు. పాత వరస ఉన్నది ఒక్క పెద్దమ్మ వేళ్లలోనే. పాటలైనా మిగిలాయంటే అది డిపో చలవ. పనికిరాదని తేల్చిన భాగాన్ని కూడా ఏడాది దాకా పారేయకూడదని అక్కడ నియమం. ఆ అలవాటుతో మావయ్య తీసేసిన తొంభై ఒక్క కాపీలనూ 'స్క్రాపు' అనే ఫోల్డర్‌లో దాచాడు.

ఆ ఆదివారం అక్కాతమ్ముళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆమె ప్లేయర్‌ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో నొక్కు నొక్కి అక్కడ ఏ పాట ఉండాలో చెప్పింది. ఆయన వెతికి వినిపించాడు. ఒకటో పాట దగ్గరే పేచీ వచ్చింది. ఆయన మంచి కాపీ పెట్టాడు. అది తనది కాదంది. తనదాంట్లో చివర ఎవరో దగ్గుతారు, ఆ దగ్గు వినబడితే నొక్కాల్సిన సమయమైందని గుర్తు. ఇంకోదాంట్లో గిన్నె కిందపడుతుంది. దగ్గులూ గిన్నెలూ చివర్లో ఉండటం వల్ల ఆయన ప్రతి పాటా చివరిదాకా వినక తప్పలేదు. మొదట్లో ముళ్ల మీద కూర్చున్నట్టు కదిలాడు. ఇరవై మూడో పాట దగ్గర దగ్గు వచ్చి వెళ్లిపోయినా ఆయన చెయ్యి కదల్లేదు.

"తర్వాతది పెట్టరా."

"ఉండక్కా, అయిపోనీ."

వరస పూర్తవడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఎక్కించబోతే ఏడో సాఫ్ట్‌వేర్ మళ్లీ అక్షరక్రమంలో నిలబెట్టింది. రెండోసారీ అంతే. చివరికి మావయ్య దాన్ని మూసేసి, నూట పద్దెనిమిది పాటల్నీ ఒక్కొక్కటిగా చేత్తో ప్లేయర్‌లోకి లాగాడు. పెద్దమ్మ పద్నాలుగు నొక్కులు నొక్కింది. సరైన పాటే వచ్చింది. పదిహేనో నొక్కు నొక్కకుండా అక్కడే ఆగి విన్నది.

జరిగింది మావయ్య గుంపులో రెండు ముక్కల్లో రాశాడు. మెచ్చుకున్న అరవై మందీ కిక్కురుమనలేదు. ఫోల్డర్ల వర్గం నుంచి ఒకాయన మాత్రం 'స్వాగతం' అని రాశాడు.

మావయ్య తన ప్లేయర్‌ని ఇప్పటికీ రోజూ పొద్దున కంప్యూటర్‌కి తగిలిస్తాడు. పెద్దమ్మ ప్లేయర్‌లో సెల్లు మార్చేది మాత్రం అత్తయ్య.