చొక్కా వేసుకున్న సింహం

ఒక సింహాన్ని కాళ్లు విరగ్గొడతానని బెదిరించి, చివరికి మా ఇంటి నీళ్ల బిందె చేతిలో ఓడిపోయిన కథ ఇది. ఇంతకంటే ఘోరంగా పరువు పోగొట్టుకున్నవాళ్లు మీలో ఉంటే చెప్పండి, వచ్చి పక్కన కూర్చుంటాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అంబత్తూరు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని. చేత్తో తాకి చూడలేనిదేదీ నమ్మేవాణ్ణి కాదు. మా చెల్లెలు వనజ మాత్రం కళ్లకు తగిలించుకుంటే బొమ్మల లోకం చూపించే హెడ్‌సెట్ ఒకటి ఆఫీసు నుంచి తెచ్చుకుని, రోజూ సాయంత్రం గోడవైపు తిరిగి నవ్వేది. ఇంటికి నలుగురొస్తే నోరు విప్పని పిల్ల, గోడతో గలగలా మాట్లాడేది.

"ఎవురే ఆడ?" అన్నాను.

"తెలిసినోళ్లేన్నా. ఆడ అందురూ బొమ్మల ఏసంలోనే, నా మొగం ఎవురూ చూడరు. అందుకే మాట వస్తాది."

మొగం చూపించనివాడు దొంగే అయ్యుంటాడని నా సిద్ధాంతం. అనుమానం పెనుభూతమంటారు, నా భూతానికి కళ్లజోడు కూడా దొరికింది. వనజ అంగడికి వెళ్లగానే హెడ్‌సెట్ తగిలించుకున్నాను. లోపల సముద్రపు ఒడ్డు, మెరీనాలో ఎన్నడూ చూడనంత శుభ్రంగా ఉంది. దాంతో నా అనుమానం రెట్టింపయింది. అంతలో చొక్కా వేసుకున్న సింహం ఒకటి వచ్చింది.

"వచ్చినావా కన్నా? టీ తాగినావా?" అంది, యంత్రం మార్చిన కీచు గొంతుతో.

నేను వనజ పేరుతోనే లోపలికొచ్చానని అప్పుడు తట్టింది. మా చెల్లెల్ని పట్టుకుని కన్నా అంటాడా?

"ఎవుడ్రా నువ్వు? ఏడుండేది?" అని అరిచాను.

సింహం తడబడింది. "వ్యాసర్పాడి" అంది.

మా పేటవాడే! "ఇంకోసారి ఈడ కనిపిస్తే కాళ్లు ఇరగ్గొడతా" అంటూ మూతికి గురిపెట్టి గుద్దాను. సింహానికి ఏమీ కాలేదు. ఇవతల మా గదిలో ప్లాస్టిక్ నీళ్ల బిందె బోర్లాపడింది, దాని మీద నేను పడ్డాను.

సింహం నిట్టూర్చింది. "నీళ్లన్నీ పారబోసినావు కదరా మునీ. లారీ మళ్లా రేపటికి గానీ రాదు."

నా పేరూ, మా బిందె సంగతీ వీడికెలా తెలిసింది? హెడ్‌సెట్ లాగేశాను. తెరిచిన తలుపు బయట మెట్ల మీద, ఫోను పట్టుకుని మా నాన్న కూర్చున్నాడు. రైల్వే యార్డులో మూటలు మోసి మోసి మానుకున్న మనిషి. ఇంట్లో "అన్నం", "చాలు" తప్ప మూడో మాట ఎరగడు.

"ఎదురుగా కూచుంటే నాకు మాట రాదురా" అన్నాడు తలొంచుకుని. "దానికీ రాదు. ఆడైతే ఇద్దురికీ వస్తాది."

"అందుకని సింహమా నాయనా?"

"పిల్లి బొమ్మ మీ అమ్మ తీసుకునేసింది."

వంటింట్లోంచి నవ్వు వినిపించింది.

తడిసిన లుంగీతోనే ఒట్టు పెట్టుకున్నాను. ఆ లోకాన్ని నేనిప్పటికీ నమ్మను. కానీ ఇకమీదట ఏ మృగంతో తగువు పడాలన్నా, ముందు మా ఇంట్లోవాళ్లంతా ఎక్కడున్నారో చూసుకున్నాకే.