కురవని గది

మానుకోటలోని కాలువల ఆఫీసులో రికార్డు గది ముత్యానిది. అంటే సర్కారుదే, కానీ ముత్యం అట్లా ఒప్పుకునే రకం కాదు. అక్కడ చెద కనిపిస్తే ఇంట్లో దొంగ పడ్డంత పరేషానయ్యేవాడు. పర్మనెంటు వాళ్ల సర్వీసు పుస్తకాలు ఒక పక్క, దినకూలీల హాజరు మస్టర్లు ఇంకో పక్క, అన్నీ ఎర్రగుడ్డ మూటల్లో కట్టి పెట్టేవాడు. ఆ మూటలకు చేసే సేవలో సగం తనకు చేస్తే చాలని భార్య సుమిత్ర దెప్పేది. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు.

మరిపెడ దగ్గరి తండాలో ఉండే హరిలాల్ కాలువ తూములెత్తే లష్కరు. దినకూలీగానే తల నెరిసింది, ఎప్పటికైనా పర్మనెంటు చేస్తారన్న ఆశ మాత్రం నెరవలేదు. ఒక వానాకాలం ఇల్లు కురిసి పెట్టెలోని కాగితాలు సగం నానిపోయాయి. మిగిలిన హాజరు చీటీలు, పాత గుర్తింపు కార్డు కవర్లో చుట్టి తెచ్చి, తన మస్టర్లున్న మూటలోనే పెట్టమన్నాడు. సొంత కాగితాలు ఆఫీసు మూటలో పెట్టకూడదని ముత్యానికి తెలియక కాదు, ఆ మనిషి ముఖం చూసి కాదనలేకపోయాడు. జిరాక్సులన్నా తీసి ఉంచుకొమ్మంటే హరిలాల్ నవ్వాడు.

"సర్కారు గదిల ఉన్నంక జిరాక్సెందుకు సారు?"

అప్పటినుంచి మానుకోట వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూసి, భద్రమేనా అని అడిగేవాడు. భద్రమేననేవాడు ముత్యం.

నిరుడు పుష్కరాలకు ముత్యాన్ని కాళేశ్వరం డ్యూటీకి వేశారు. సరిగ్గా అప్పుడే గడువు తీరిన రికార్డులు తీసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. అంతా రూలు ప్రకారమే జరిగింది, వంక పెట్టడానికి లేదు. కమిటీ కూర్చుంది, అభ్యంతరాలుంటే చెప్పమని బోర్డుకు నోటీసు అతికించింది. తండా నుంచి ఆ బోర్డు చదవడానికి ఎవడొస్తాడు! సర్వీసు పుస్తకాలు ఉంచి, మస్టర్ల మూటలను మిషన్‌లో వేసి పొట్టు చేయించారు.

తిరిగొచ్చిన ముత్యం ఖాళీ అరలు చూశాడు. సూపరింటెండెంటు సుమన మేడం దగ్గరికి పరుగెత్తి, హరిలాల్ కవరు కూడా ఆ మూటతోనే పోయిందని చెప్పాడు. ఆమె చెడ్డ మనిషేం కాదు.

"మనది కాని కాగితం మన మూటల ఎందుకున్నది, ముత్యం?" అని మాత్రం అడిగింది.

ఈ ఏడు పాత దినకూలీలను పర్మనెంటు చేసే లిస్టు కదిలింది. పనిచేసినట్టు రుజువు కావాలన్నారు. హరిలాల్ ఉతికిన చొక్కా వేసుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. ముత్యం జరిగిందంతా చెప్పాడు. లిస్టులో పేరు ఎక్కదని కూడా చెప్పాడు. సుమన మేడం చేయగలిగింది ఒక్కటే, రికార్డులు నియమానుసారం తొలగించామని రాసి ముద్ర వేసి ఇచ్చింది.

హరిలాల్ మెట్ల మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండు, కాలర్ పట్టుకున్నా బాగుండు అనుకున్నాడు ముత్యం. హరిలాల్ లేచి, ఆ ముద్ర కాగితాన్ని జాగ్రత్తగా కవర్లో మడిచి, కిటికీలోంచి చాపాడు.

"గిది జర నీ గదిల పెట్టు సారు. మా ఇల్లు ఇంకా కురుస్తనే ఉన్నది."

ముత్యం తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు?